కాంటా కాడి గెస్టు

మిర్యాలగూడ బైపాస్ మీద
వడ్ల ట్రాక్టర్లు నలభై రెండు.
లెక్క పర్వతాలుది, నాది కాదు.
నేను మిల్లు కాంటా రూములకు పోయేసరికి
రాత్రి తొమ్మిదిన్నర.
కీబోర్డు మీద ఊక, ఫ్యాను రెక్కల మీద ఊక,
కంప్యూటరు మూత తీస్తే
లోపట కూడ దోసెడు.

కాంటా ప్రోగ్రాము పాతది.
రాసినాయన సూర్యాపేటల దుకాణం ఎత్తేసి
ఏడేండ్లాయె.
కొత్త విండోసుల అది లేవనే లేవది.
అందుకని నిరుడు నేనే
కొత్త పెట్టె కడుపుల
పాత పెట్టెనొకదాన్ని కూసోబెట్టిన.
ఇనుము లేదు, తీగ లేదు,
ఉత్త లెక్కలతోటి కట్టిన కంప్యూటరు.
లోపలిది గెస్టు, మోసేది హోస్టు.

గెస్టుకు బరువు తెలుసు.
హోస్టుకు ప్రింటరున్నది.
పగటీలి రెండింటి సంది
రెంటికీ మాటల్లేవు.

"నెట్టు మంచిగనే వస్తున్నది గద మేడం"
అన్నడు పర్వతాలు.
నిజమే. లోపలి నుంచి పింగ్ కొడితే
ఏ సముద్రం అవతలి సర్వరో
ముప్పై ఎనిమిది మిల్లీసెకన్లకు పలికింది.
మోస్తున్న పెట్టెను పిలిస్తే మాత్రం
రిక్వెస్ట్ టైమ్డ్ ఔట్.
నాలుగు పిలుపులు,
నాలుగింటికీ అదే.

అడ్రసు చూసిన. పది, సున్నా, రెండు, పదిహేను.
ఈ మిల్లుల ఏ వాడకూ చెందని నంబరు.
ఎవరో దాన్ని నాట్‌ల పెట్టిండ్రు.
నాట్‌ల ఉన్నోడు ఊరంతా తిరిగొస్తడు గని
బయటోడు వచ్చి తలుపు కొడితే
ఆ ఇల్లే లేనట్టు ఉంటది.

బ్రిడ్జికి మార్చిన.
వైఫై కార్డు కాదు, తీగ కార్డు అని చూసి మార్చిన.
నూట తొంభై రెండుతో మొదలయ్యే
మన వాడ నంబరు వచ్చింది.
పింగ్ కొట్టిన.
టైమ్డ్ ఔట్.
తీగ పీకి ఊది మళ్ల పెట్టిన.
అట్ల ఊదుడుకు అర్థం లేదని నాకు తెలుసు.

కిటికీల కెల్లి ఒక ముఖం లోపటికి వంగింది,
ధీరావత్ చాంది, పదిహేడో ట్రాక్టరు.
"తేమ పదిహేడుండె బిడ్డా పొద్దున,
ఇంకింతసేపైతే ఎండి బరువు తగ్గుతయి.
ఎవలిస్తరు ఆ కిలోల పైసలు?"
ఆ ప్రశ్నకు నా దగ్గర కమాండు లేదు.

"పొద్దుగాల ఏమన్న ముట్టిండ్రా?" అడిగిన.
పర్వతాలు అల్లుడు, ఇంటర్ చదివే పోరడు,
తలుపు సందున నిలబడి
కొత్త రౌటరు పెట్టిన అన్నడు.
పెట్టంగనే హోస్టు అడిగిందట:
ఈ నెట్‌వర్కును నమ్ముతవా?

"నువ్వేమన్నవ్?"
"ఏమో మేడం, భయమై
లేదు అని కొట్టిన."
ఆ తర్వాత స్లిప్పులు ఆగినయని
ఫోన్ల చూసుకుంట దొరికిన మీటలన్నీ మార్చిండు,
నాట్ గూడ వానిదే.

తిట్టలేకపోయిన.
పదహారేండ్ల పిల్లగానికి
ముక్కూ మొహం తెలవనిది నమ్మకు అని
మనమే గద చెప్పింది.

ఫైర్‌వాల్ తెరిచిన, మొత్తం కాదు.
ఈ అడ్రసు నుంచి, ఈ పోర్టుకు, అంతవరకే.
కాలువ మీద మడికి మడి తూము ఎత్తినట్టు.
మళ్ల పింగ్ కొట్టిన.

రిప్లై. ఒక మిల్లీసెకను కంటే తక్కువ.
అసలు దూరమే లేదు గద, ఎంతని పడుతది.

ప్రింటరు ఊకను దులుపుకొని దగ్గింది.
ఏడువేల ఎనిమిదివందల నలభై కిలోలు.
చాంది స్లిప్పును దీపం కింద తిప్పి తిప్పి చూసి
"ఒక్క ఇంట్లనే ఉండి
మాట అందుడుకు ఇంతసేపా" అని
ట్రాక్టరెక్కింది.

పోయే ముందు అడ్రసు ఒక కాయితం మీద రాసి
పెట్టెకు అంటించిన. కింద
ఎవరూ ముట్టొద్దు అని రాసిన.
చూస్తే దాని కిందనే
నిరుడు నేనే అంటించిన ఇంకో కాయితం,
అక్షరాలన్నీ అలికిపోయి,
ముట్టొద్దు అన్న ముక్క ఒక్కటే మిగిలి.

బయట పద్దెనిమిదో ట్రాక్టరు
ఇంకా ఇంజను చాలు చెయ్యలే.
డ్రైవరు వడ్ల మీద పండుకున్నడు.
లేపుమని పోరన్ని పంపిన.